ఎక్సెల్ షీటు నుంచి ఐపీ రిజిస్టరుకు: కడప క్యాంపస్ ప్రాజెక్టు డైరీ

చోటు: కడప శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ప్రొద్దుటూరులో నడిచే దాని పాలిటెక్నిక్. పని రెండు ముక్కలు. ఏ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే నంబరు) ఎవరి దగ్గరుందో, ఎందుకుందో ఒకే చోట రాసి పెట్టడం మొదటిది. ఆ రాత నుంచే డీహెచ్‌సీపీ సర్వర్ (పరికరాలకు ఐపీ అడ్రసులు పంచేది) నడిచేలా చేయడం రెండోది. చాలాచోట్ల మొదటిదానితో ఆపేస్తారు. రిజిస్టరు ఒక దారిన, సర్వర్ ఇంకో దారిన పోతే ఆర్నెల్లు తిరిగేసరికి రిజిస్టరులో ఉన్నది అబద్ధం.

సామాను: నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపే లేయర్-3 కోర్ స్విచ్ ఒకటి, యాక్సెస్ స్విచ్‌లు 38, వైఫై యాక్సెస్ పాయింట్లు 96, పది ల్యాబుల్లో 640 కంప్యూటర్లు, ప్రింటర్లు 31, కెమెరాలు 140, బయోమెట్రిక్ హాజరు మిషన్లు 18. రెండు హాస్టళ్లు, ఒక్కోదాంట్లో 600 మంది.

ఏప్రిల్ చివర: ఉన్నది చూడటం

అంతా ఒకే నెట్‌వర్క్. మొదట్లో 192.168.1.0/24తో పెట్టారు (గీత పక్క అంకె తగ్గేకొద్దీ నెట్‌వర్క్ పెద్దది). 254 అడ్రసులు చాలక, మాస్క్‌ను (నెట్‌వర్క్ ఎంతవరకో చెప్పే అంకె) 255.255.0.0కు, అంటే /16కు సాగదీశారు. కొత్తగా వచ్చిన పరికరాలకు కొత్త మాస్క్ పడింది, పాతవాటిని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ఆఫీసులో ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు: "పింగ్ పోతాంది సార్, ప్రింట్ పోలేదు."

ఇందులో మాయేమీ లేదు. 192.168.1.50లో ఉన్న కంప్యూటరుకు పాత /24 మాస్క్. 192.168.3.20లో ఉన్న ప్రింటరు దానికి బయటి నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది కాబట్టి ప్యాకెట్‌ను గేట్‌వేకు, అంటే ఫైర్‌వాల్‌కు ఇస్తుంది. ఫైర్‌వాల్ దాన్ని ప్రింటరుకు చేరుస్తుంది. ప్రింటరుకు /16 మాస్క్, ఆ కంప్యూటరు పక్కనే ఉన్నట్టు లెక్క. జవాబు నేరుగా ఇచ్చేస్తుంది. టీసీపీ కనెక్షన్ మొదలయ్యే మూడు మెట్లలో నడిమి మెట్టు ఫైర్‌వాల్ కంటబడదు. మూడోది రాగానే తెగిన కనెక్షన్ అని పారేస్తుంది. పింగ్‌కు ఈ మెట్ల గొడవ లేదు, అందుకే అది పోతుంది. పింగ్ పోయి ప్రింట్ పోని చోటల్లా మొదట రెండు వైపుల మాస్కులూ చూడాలి.

చేతికిచ్చిన ఎక్సెల్ షీటులో 410 వరుసలు. దాన్ని నమ్మే పని పెట్టుకోలేదు. ఉన్నవి కనిపెట్టడానికి పింగ్ స్కాన్ పనికిరాదు. విండోస్ ఫైర్‌వాల్ బయటి పింగ్‌కు మామూలుగా జవాబివ్వదు. అదే నెట్‌వర్క్‌లో కూర్చుని ఏఆర్‌పీ స్కాన్ (ఈ ఐపీ అడ్రసు ఎవరిదని అందరినీ అడగడం) నడిపితే ఏ పరికరమూ దాక్కోలేదు, ఏఆర్‌పీకి పలకకపోతే దానికి నెట్‌వర్కే లేదు. స్కాన్‌ను పగలు, రాత్రి, ఆదివారం, ల్యాబ్ పరీక్ష నడిచే పూట వేర్వేరుగా నడిపి కలపాలి. పరీక్షల సెక్షన్‌లో కొన్ని ప్రింటర్లు ఫలితాల పూట తప్ప ఆన్ చేయరు.

దొరికిన ప్రతి మ్యాక్ అడ్రసునూ (నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబరు) స్విచ్‌ల మ్యాక్ టేబుల్‌తో సరిచూస్తే ఏ స్విచ్, ఏ పోర్టు అన్నది తెలుస్తుంది. మ్యాక్‌లో మొదటి మూడు జతలు తయారీదారు ఎవరో చెబుతాయి. ఒకే పోర్టు మీద నాలుగైదు మ్యాక్‌లు కనిపిస్తే ఆ గోడ వెనక మామూలు డబ్బా స్విచ్ ఉందని లెక్క. ఇలాంటివి ఆరు బయటపడ్డాయి. ఒకటి కెమిస్ట్రీ ల్యాబులో, కడప బండ అర మీద రీజెంట్ సీసాల వెనకాల. ఈ ఆరు మేనేజ్ చేయగలిగేవి కావు. వీటి సంగతి జూలైలో మళ్లీ వస్తుంది.

మే: కాగితం మీద పని

మేలో వైర్ ముట్టుకునే వీల్లేదు. ల్యాబులను ఆన్‌లైన్ ప్రవేశ పరీక్షలకు సెంటర్‌గా ఇస్తారు. ఆ రోజుల్లో ఒక్క అడ్రసు మారినా పరీక్ష సాఫ్ట్‌వేర్ సీటును గుర్తుపట్టదు. ఈ ఖాళీలో అడ్రసుల ప్లాను తయారైంది.

ప్రైవేటు వాడకానికి 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం మూడు శ్రేణులు కేటాయించింది. 192.168తో మొదలయ్యేవాటిని ముందే పక్కన పెట్టాం. ఇంటి రౌటర్లు చాలావరకు 192.168.0.1 లేదా 192.168.1.1తో వస్తాయి. హిక్‌విజన్ కెమెరా పెట్టె విప్పగానే 192.168.1.64, దహువా అయితే 192.168.1.108, జెడ్‌కే బయోమెట్రిక్ మిషన్ 192.168.1.201. ఎవరు ఏది కొని తగిలించినా మన నడింట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఇంటి నుంచి వీపీఎన్‌లో వచ్చే లెక్చరర్‌కు ఇంట్లోనూ అదే శ్రేణి ఉంటే కాలేజీ సర్వర్ ఎప్పటికీ దొరకదు. ఇక 172.16 నుంచి 172.31 వరకున్న శ్రేణి. డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయగానే 172.17.0.0/16ను తనదిగా పెట్టుకుంటుంది. క్యాంపస్‌లో ఏదైనా బ్లాకుకు అదే ఇచ్చామా, ఆ బ్లాకు వాళ్లకు మాత్రం డాకర్ సర్వర్ నుంచి జవాబు రాదు, మిగతా వాళ్లందరికీ వస్తుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు డాకర్ వాడకుండా ఉండరు. మిగిలింది 10తో మొదలయ్యే శ్రేణి. దాంట్లో 10.0, 10.1 లాంటివి అందరూ వాడతారు కాబట్టి కాస్త లోపలికి వెళ్లి 10.40.0.0/16 తీసుకున్నాం.

దాన్ని బిల్డింగుకొక /20 చొప్పున కోస్తే 16 ముక్కలు, ఒక్కోదాంట్లో 4,096 అడ్రసులు. మెయిన్ బ్లాకు 10.40.0.0, ల్యాబ్ బ్లాకు 10.40.16.0, అబ్బాయిల హాస్టల్ 10.40.32.0, అమ్మాయిల హాస్టల్ 10.40.48.0, లైబ్రరీ, ఆఫీసు కలిపి 10.40.64.0, ప్రొద్దుటూరు 10.40.80.0. మిగిలిన పది ముక్కలు ఖాళీ. మూడో అంకెలో 16 చొప్పున పెరుగుతుంది కాబట్టి కాగితం లేకుండానే ఇది ఏ బిల్డింగో చెప్పొచ్చు. ఫైర్‌వాల్‌లోనూ రౌటింగ్‌లోనూ బిల్డింగుకు ఒక్క వరుస రాస్తే చాలు.

ల్యాబులో 64 సీట్లే అయినా ల్యాబుకొక /24 ఇచ్చాం. /25 సరిపోతుంది కదా అని లెక్కలు చూపే వాళ్లుంటారు. ప్రైవేటు అడ్రసుల్లో పొదుపు చేసి ఎవరికీ మిగిలేది లేదు. ఫోనులో అడ్రసు చదివి చెప్పేటప్పుడు మాత్రం /24 సుఖం. ఒకటో ల్యాబ్ 10.40.17, రెండోది 10.40.18, అలా పదోది 10.40.26. ప్రతి ల్యాబులో చివరి అంకె అమరిక ఒకటే: 1 గేట్‌వే, 2 నుంచి 9 నెట్‌వర్క్ పరికరాలు, 10 నుంచి 49 ప్రింటర్లు, సీటు నంబరుకు 100 కలిపితే ఆ సీటు అడ్రసు, 200 నుంచి 250 వరకు వచ్చిపోయే ల్యాప్‌టాప్‌లకు. నాలుగో ల్యాబులో 37వ సీటు అంటే 10.40.20.137. ఆపరేటర్ ఎవరినీ అడగక్కర్లేదు.

హాస్టల్‌లో లెక్క వేరు. ఒక్కో హాస్టల్‌కు రెండు వింగులు, వింగుకు 300 మంది, మనిషికి ఫోనూ ల్యాప్‌టాపూ కలిపి రెండు పరికరాలు, అంటే 600. /23లో 510 మాత్రమే వస్తాయి, చాలవు. /22లో 1,022 వస్తాయి. రెండు వింగులకు రెండు /22లు పోగా ఆ /20లో సగం మిగిలింది. అందులో స్విచ్‌లకు ఒక /24, కెమెరాలకు ఒక /24.

మనిషికి రెండు అన్న లెక్కను పాడుచేసేది ఫోన్ల దొంగ మ్యాక్. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఒక్కో వైఫై పేరుకు ఒక్కో కల్పిత మ్యాక్ వాడటం మామూలైంది. మ్యాక్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈ అయితే అది కల్పితం. హాస్టల్‌కు ఒక వైఫై పేరు, క్లాసులకు ఇంకోటి, లైబ్రరీకి మరోటి పెడితే ఒకే ఫోను మూడు పరికరాలుగా మూడు లీజులు (గడువు పెట్టి ఇచ్చే అడ్రసులు) పట్టుకుంటుంది. అందుకే క్యాంపస్ అంతా ఒకే పేరు. ఎవరు ఏ వీల్యాన్‌లోకి (అవే స్విచ్‌ల మీద విడగొట్టిన నెట్‌వర్క్) వెళ్లాలో రేడియస్ అనే లాగిన్ సర్వర్‌లో వాళ్ల లాగిన్‌ను బట్టి, యాక్సెస్ పాయింట్ ఉన్న చోటును బట్టి తేలుతుంది.

జూన్ మొదట్లో: రిజిస్టరు

రిజిస్టరుగా నెట్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్. అలాంటిదే పీహెచ్‌పీఐప్యామ్ కూడా చూశాం. దాంట్లో స్కానింగ్ లోపలే ఉంది, నేర్చుకోవడమూ తేలిక. ఒక్క బిల్డింగు ఉన్న ఆఫీసుకైతే అదే పెట్టమంటాం. నెట్‌బాక్స్ తనంతట తాను స్కాన్ చేయదు. అది నెట్‌వర్క్ ఎలా ఉండాలో రాసుకునే పుస్తకం. ఎలా ఉందో చూసి, తేడా పట్టుకోవడం మన స్క్రిప్టు పని. ఈ తేడా కనిపించడమే మాకు కావలసింది. స్కాన్ చేసి తనంతట తానే నింపుకునే పుస్తకంలో దొంగ అడ్రసు కూడా మర్యాదగా ఒక వరుసైపోతుంది.

నాలుగు జీబీ ర్యామ్ ఉన్న వర్చువల్ మిషన్ మీద ఇది బాగానే నడుస్తుంది. అడుగున పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే డేటాబేసులు కావాలి. ముందుగా 10.40.0.0/16ను కంటైనర్‌గా, దాని కింద /20లు, వాటి కింద వీల్యాన్‌కు తగిలించిన /22, /24లు. ప్రతి అడ్రసుకూ తప్పనిసరిగా నింపాల్సినవి నాలుగే పెట్టాం: పరికరం పేరు, మ్యాక్, గది నంబరు, బాధ్యత ఏ విభాగానిది. మనిషి పేరు వద్దు, మనుషులు బదిలీ అవుతారు. ఇరవై గళ్లు పెడితే ఎవడూ నింపడు.

ల్యాబు కంప్యూటర్ల మ్యాక్‌లు సేకరించడానికి పెన్‌డ్రైవ్‌లో చిన్న స్క్రిప్టు. సీటు దగ్గర నడిపితే సీటు నంబరు అడుగుతుంది, మ్యాక్‌ను తానే తీసుకుని నెట్‌బాక్స్‌కు పంపుతుంది. చేత్తో రాయడం వద్దే వద్దు. పన్నెండు అంకెల్లో 8, బీ తారుమారు కావడానికి ఎంతసేపు? స్విచ్ పోర్టును బట్టి అడ్రసు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ఆప్షన్ 82 (అభ్యర్థన ఏ పోర్టు నుంచి వచ్చిందో చెబుతూ స్విచ్ అతికించే చీటీ) ఆధారంగా. అప్పుడు కంప్యూటర్ మారినా అడ్రసు మారదు. కానీ ల్యాబులో ప్యాచ్ వైర్లను ఎవరికి తోచినట్టు వాళ్లు మారుస్తుంటారు, అందుకని వద్దనుకున్నాం.

సేకరణలో ఒకే మ్యాక్ రెండు సీట్లకు రావడం కనిపిస్తే రెండు కారణాలు చూడాలి. ఒకే యూఎస్‌బీ ల్యాన్ డాంగిల్‌ను రెండు మిషన్లకు మార్చి మార్చి పెట్టి ఉంటారు. లేదా రిపేరులో మదర్‌బోర్డు మార్చినవాళ్లు కొత్త బోర్డులో దాని సొంత మ్యాక్ రాయకుండా, అన్నిటికీ ఒకేలా ఉండే నమూనా మ్యాక్‌నే వదిలేసి ఉంటారు.

జూన్ నడుమ: కీ (Kea) సర్వర్

ఐఎస్‌సీ అనే సంస్థ వాళ్ల పాత డీహెచ్‌సీపీ సర్వర్‌కు 2022 చివరితో మద్దతు ఆగిపోయింది. వాళ్లదే కొత్తది, కీ, రెండు మిషన్ల మీద పెట్టాం. ఆకృతీకరణ ఫైలును చేత్తో రాయం. నెట్‌బాక్స్ ఏపీఐ నుంచి సబ్‌నెట్లు (చిన్న నెట్‌వర్క్‌లు), పూల్స్ (ఎవరికైనా ఇచ్చే అడ్రసులు), రిజర్వేషన్లు (ఒక్క మ్యాక్‌కే కేటాయించినవి) లాగి స్క్రిప్టు తయారుచేస్తుంది, కీ చేత తనిఖీ చేయించి, సరే అంటేనే అమల్లో పెడుతుంది.

కీలో ప్రతి సబ్‌నెట్‌కు ఒక ఐడీ ఉంటుంది. లీజులన్నీ ఆ ఐడీతోనే నమోదవుతాయి. వరుసలు అటుఇటు అయినప్పుడు ఐడీలు కూడా మారితే మూడో ల్యాబు లీజులు ఐదో ల్యాబు ఖాతాలో పడతాయి. నెట్‌బాక్స్‌లో ఆ ప్రిఫిక్స్‌కు ఉన్న నంబరునే ఐడీగా వాడితే ఈ బాధ లేదు, అది ఎప్పటికీ మారదు. రిజర్వేషన్లను పూల్‌కు బయటే ఉంచి, అలా ఉన్నాయని సర్వర్‌కు చెప్పాలి. అప్పుడు పూల్ నుంచి అడ్రసు తీసిన ప్రతిసారీ రిజర్వేషన్ల జాబితా వెతికే పని తప్పుతుంది. అథారిటేటివ్ అన్న సెట్టింగు ముందే ఆన్ చేసి ఉండదు, చేయాలి. లేకపోతే పాత అడ్రసు పట్టుకుని వచ్చిన మిషన్‌కు సర్వర్ కాదు అని చెప్పదు. మౌనంగా ఉంటుంది, మిషన్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

లీజు కాలాలు: ల్యాబు సీట్లకు 24 గంటలు, హాస్టల్‌కు 4 గంటలు, సెమినార్ హాలుకు 1 గంట. నాలుగు గంటల లీజంటే రెండు గంటలకు ఒకసారి తనకిచ్చిన సర్వర్‌నే అడుగుతుంది, జవాబు లేకపోతే మూడున్నర గంటలకు ఎవరైనా ఇవ్వండంటూ అందరినీ అడుగుతుంది. లీజు ఇంకా కుదిస్తే వాడని అడ్రసులు పూల్‌కు తొందరగా తిరిగొస్తాయి, కానీ సర్వర్ పడిపోయినప్పుడు తట్టుకునే వ్యవధీ అంతే కుదించుకుపోతుంది.

క్లౌడ్ ల్యాబులో ఒక చిక్కు. ఒకే ఉబుంటు సర్వర్ ఇమేజ్‌ను కాపీ కొట్టి నింపిన మిషన్లకు పూల్ నుంచి ఒకటే అడ్రసు వస్తోంది. మ్యాక్‌లు వేరు, అడ్రసు ఒకటి. కారణం: ఆ సిస్టమ్ తన గుర్తుగా మ్యాక్‌ను పంపదు, మెషీన్-ఐడీ అనే ఫైలు నుంచి పుట్టిన గుర్తును పంపుతుంది, ఇమేజ్‌తో పాటు ఆ ఫైలూ కాపీ అయింది. ఇమేజ్ తీసే ముందు ఆ ఫైలును ఖాళీ చేయాలి. లేదా ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ గుర్తుగా మ్యాక్ వాడమని రాయాలి. కీ వైపు కూడా ఆ గుర్తును పట్టించుకోవద్దని చెప్పొచ్చు. డ్యూయల్ బూట్ మిషన్లు విండోస్‌లో ఒక లీజు, లైనక్స్‌లో ఒక లీజు పట్టుకోవడం కూడా దీంతో ఆగుతుంది. ల్యాబు సబ్‌నెట్లకు ఇదే పెట్టాం.

జూన్ చివర: రెండో సర్వర్ పలకదేం?

హాట్-స్టాండ్‌బై పరీక్ష, అంటే మొదటి సర్వర్ పడిపోతే రెండోది అందుకుంటుందా అని. రాత్రి మొదటి సర్వర్ ఆపి, ఒక ల్యాప్‌టాప్‌తో అడ్రసు అడిగితే రెండోది ఉలకదు పలకదు. చూస్తే చెడిపోయిందనిపిస్తుంది, చెడిపోలేదు. భాగస్వామి 60 సెకన్లు మాట్లాడకపోయినా స్టాండ్‌బై వెంటనే పగ్గాలు తీసుకోదు. పది కంటే ఎక్కువ మంది క్లయింట్లు జవాబు రాక తిరిగి తిరిగి అడుగుతున్నారని చూశాకే రంగంలోకి దిగుతుంది. రెండు సర్వర్ల మధ్య కేబుల్ మాత్రమే తెగితే ఇద్దరూ ఒకేసారి అడ్రసులు పంచకుండా ఈ జాగ్రత్త. నడిరేయి ఒక ల్యాప్‌టాప్‌తో చేసే పరీక్షలో పదకొండో మనిషి ఎప్పటికీ రాడు. పరీక్ష కోసం ఆ సంఖ్యను సున్నా చేసి చూసి, మళ్లీ పదికి పెట్టాలి. లేదా ల్యాబులో 20 మిషన్లు ఒక్కసారి ఆన్ చేయాలి.

రెండో ప్రమాదం గడియారం. రెండు సర్వర్ల మధ్య తేడా 30 సెకన్లు దాటితే లాగ్‌లో హెచ్చరిక వస్తుంది, 60 దాటితే ఆ జోడీయే విడిపోతుంది. కరెంటు పోయి వచ్చాక, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత సర్వర్ ఏ తేదీతో లేస్తుందో చెప్పలేం. ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద గడియారం సరిచేసే పద్ధతి) సమయం సరిపోయాకే కీ మొదలయ్యేలా సర్వీసుల క్రమం కట్టాలి. సమయం ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) సర్వర్ల నుంచి తీసుకున్నాం. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయాన్ని, లేదా వాటితో ముడిపడిన సర్వర్ల సమయాన్ని వాడమంటాయి. లాగులు 180 రోజులు దాచమనేదీ ఆ ఆదేశాలే. కీ లీజు ఫైలును చరిత్ర అనుకోవద్దు, పాత వరుసలను అది గంటకోసారి ఊడ్చేస్తుంది. ఎవరికి ఎప్పుడు ఏ అడ్రసు ఇచ్చామన్నది వేరే లాగ్‌లోకి పోవాలి. దాంతో పాటు ఫైర్‌వాల్ నాట్ (NAT, లోపలి అడ్రసులను పబ్లిక్ అడ్రసుగా మార్చడం) లాగ్ కూడా కావాలి. బయటివాళ్లకు కనిపించేది ఒకే పబ్లిక్ అడ్రసు. పోర్టు నంబరు, సమయం కలిస్తేనే లోపలి మనిషి తేలతాడు.

జూలై: మార్పిడి, స్నూపింగ్

పాత సర్వర్‌లో లీజు 8 రోజులు. మార్పిడికి ఎనిమిది రోజుల ముందే దాన్ని ఒక గంటకు తగ్గిస్తే, ఆ రోజొచ్చేసరికి అందరి చేతిలోనూ గంట లీజే ఉంటుంది. స్విచ్ పోర్టు వీల్యాన్ మార్చినంత మాత్రాన కంప్యూటరుకు తెలియదు, పోర్టును ఒకసారి ఆపి మళ్లీ తెరవాలి. డబ్బా స్విచ్ వెనకున్న మిషన్లకు అదీ తెలియదు, ఎందుకంటే వాటి లింకు డబ్బాతోనే, అది పడిపోలేదు. గంట లీజు పుణ్యమా అని అవి కూడా గంట లోపు దారికొచ్చాయి.

కోర్ స్విచ్‌లో ప్రతి వీల్యాన్‌కూ ఐపీ హెల్పర్ (అడ్రసు అభ్యర్థనలను సర్వర్‌కు చేరవేసే రిలే) కింద రెండు సర్వర్ల అడ్రసులూ రాయాలి. ఒక్కటే రాస్తే స్టాండ్‌బై ఉండీ లేనట్టే. యాక్సెస్ పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (పోర్టును వెంటనే తెరిచే సెట్టింగు) మరిస్తే, స్విచ్‌ల మధ్య చుట్టుదారులు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ 30 సెకన్లు పోర్టును తెరవదు. అప్పటికి అడిగి అడిగి విసిగిన విండోస్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుంటుంది.

హాస్టల్‌లో ఎవరో ఒకరు ఇంటి వైఫై రౌటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టును గోడ సాకెట్‌కు తగిలిస్తారు. అది వింగు మొత్తానికి 192.168.0 అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. దీనికి మందు డీహెచ్‌సీపీ స్నూపింగ్: సర్వర్ వైపు పోర్టును నమ్మకమైనదిగా ప్రకటిస్తే మిగతా పోర్టుల నుంచి వచ్చే ఆఫర్లన్నీ స్విచ్ దగ్గరే ఆగిపోతాయి. ఆన్ చేయగానే మొదటి వింగులో ఎవరికీ అడ్రసు రాలేదు. స్నూపింగ్ ఆన్ అయిన యాక్సెస్ స్విచ్ ప్రతి అభ్యర్థనకూ తనంతట తాను ఆప్షన్ 82 అతికిస్తుంది. రిలే ఇంకా తగలని ప్యాకెట్‌లో ఆప్షన్ 82 ఎలా వచ్చిందని అనుమానించి కోర్ స్విచ్ దాన్ని చప్పుడు లేకుండా పారేస్తుంది. సర్వర్ లాగ్‌లో ఒక్క ముక్క కనిపించదు, అదే దీనికి గుర్తు. కోర్‌లో దాన్ని నమ్మమని చెప్పొచ్చు, యాక్సెస్ స్విచ్‌లో అతికించడం మానిపించొచ్చు. పోర్టు ఆధారిత అడ్రసులు ఎలాగూ వాడటం లేదు కనుక మానిపించాం.

రేట్ లిమిట్ విషయంలో పోర్టులన్నిటికీ ఒకే అంకె పెట్టకూడదు. సీటు పోర్టుకు సెకనుకు 15 ప్యాకెట్లు చాలు. యాక్సెస్ పాయింట్ పోర్టుకు అదే పెడితే సాయంత్రం గాలివానకు కరెంటు పోయి వచ్చినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి అడ్రసు అడుగుతాయి, స్విచ్ దాన్ని దాడి అనుకుని పోర్టు మూసేస్తుంది. వాటికి 100 పెట్టి, మూసుకున్న పోర్టు 5 నిమిషాల్లో తానే తెరుచుకునేలా ఉంచాం. ఆ ఆరు డబ్బా స్విచ్‌ల లోపల మాత్రం స్నూపింగ్ పనిచేయదు. ఒకే డబ్బాలో దొంగ రౌటరూ, కంప్యూటరూ ఉంటే ఆఫర్ మన స్విచ్ దాకా రానే రాదు. ఆరింటినీ పీకేసి, 8 పోర్టుల మేనేజ్డ్ స్విచ్‌లు పెట్టారు. ఏఆర్‌పీ తనిఖీ (ఇంకొకరి అడ్రసు తనదని చెప్పేవాళ్లను స్విచ్ ఆపడం) ల్యాబులకే పరిమితం. అది స్నూపింగ్ పట్టికను బట్టి నడుస్తుంది, స్విచ్ రీస్టార్ట్ అయితే పట్టిక పోతుంది, సక్రమంగా లీజున్నవాళ్లు కూడా బయట నిలబడతారు. పట్టికను ఫ్లాష్‌లో దాచమని చెప్పని స్విచ్‌లో దీన్ని ఆన్ చేయకూడదు.

ఆగస్టు: ఏడో ల్యాబు

వచ్చిపోయే ల్యాప్‌టాప్‌ల పూల్‌లో 51 అడ్రసులున్నాయి, వాడేది పదిమంది, అయినా నిండిపోయిందంటోంది సర్వర్. తెరిచి చూస్తే లీజులన్నీ డిక్లైన్డ్, అంటే క్లయింట్లు వద్దన్నవి. క్లయింటు అడ్రసు తీసుకున్నాక ఇది ఇంకెవరి దగ్గరైనా ఉందా అని ఏఆర్‌పీతో అడుగుతుంది. ఆ ల్యాబులో ప్రయోగాల కోసం తగిలించిన రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ (ఇతరుల అడ్రసులకు బదులుగా తానే పలకడం) ఆన్‌లో ఉంది, దాని పోర్టుకు మాత్రం ఏదో ప్రయోగానికి వేరే అడ్రసు రాసి పెట్టారు. ఏ అడ్రసు అడిగినా నేనే అంటుంది. క్లయింటు వద్దంటుంది, సర్వర్ దాన్ని 24 గంటలు పక్కన పెట్టి తరువాతది ఇస్తుంది, అదీ అంతే. ఇలా పూల్ మొత్తం ఊడ్చుకుపోయింది. రౌటర్‌ను ప్రయోగాల వీల్యాన్‌లోకి నెట్టి, డిక్లైన్డ్ లీజులను చెరిపాక సర్దుకుంది. పూల్ వాడకం 80 శాతం దాటితే వచ్చే హెచ్చరికలో డిక్లైన్డ్ సంఖ్యను వేరుగా చూపించడం ఇప్పుడు చేర్చాం.

బయోమెట్రిక్ మిషన్లకు రెండు వైపులా మార్చాలి. సాఫ్ట్‌వేరే 4370 పోర్టు మీద మిషన్‌ను పిలిచే పద్ధతైతే సాఫ్ట్‌వేర్‌లో మిషన్ అడ్రసు, మిషనే సర్వర్‌కు పంపే పద్ధతైతే మిషన్‌లో సర్వర్ అడ్రసు. హాజరు జీతంతో ముడిపడి ఉంది కాబట్టి నెల మొదటి వారంలో, నిల్వ ఉన్న పంచ్‌లన్నీ దించుకున్నాకే ముట్టుకోవాలి. ప్రింటర్లకు రిజర్వేషన్ ఇచ్చి, కంప్యూటర్లలో పోర్టును అడ్రసుతో కాక డీఎన్‌ఎస్ పేరుతో పెట్టాం. కెమెరాల్లో కొన్ని ఎన్‌వీఆర్ (కెమెరా రికార్డరు) వెనకున్న పీఓఈ పోర్టులకే (కరెంటు కూడా ఇచ్చేవి) తగిలి ఉన్నాయి; వాటికి ఎన్‌వీఆర్ లోపలే సొంత నెట్‌వర్క్, మన లెక్కలోకి రావు. రిజిస్టరులో ఎన్‌వీఆర్ ఒక్కటే ఒక వరుస.

సెప్టెంబరు: ప్రొద్దుటూరు

చిన్న పని. 10.40.80.0/20, కడపకు ఐపీసెక్ వీపీఎన్ (రహస్యంగా ఉంచిన లింకు), అక్కడి రిలే కడప సర్వర్లకు. లింకు తెగితే అక్కడివాళ్లకు కొత్త అడ్రసులు రావు, ఉన్నవి లీజు అయ్యేదాకా నడుస్తాయి. అందుకే అక్కడ ఆఫీసు లీజు 3 రోజులు. ఇంకో సర్వర్ పెట్టి దాన్ని చూసుకునే మనిషిని వెతకడం కన్నా ఇదే నయం.

అక్టోబరు: పాత 192.168 మూసివేత

పాత గేట్‌వే 192.168.1.1ను వెంటనే తీసేయలేదు. దాని మీద ఏసీఎల్ (ఏది వెళ్లొచ్చో చెప్పే నియమాల జాబితా) రాసి, దాటివెళ్లే ప్రతిదాన్నీ లాగ్ చేయమన్నాం. కొన్ని వారాలకు మిగిలినవి మూడే: యూపీఎస్ కార్డు, హాస్టల్ బోరు మోటారు కంట్రోలర్, నోటీసు బోర్డు టీవీ బాక్సు. గేట్‌వే రాసి లేని పరికరాలు ఈ లాగ్‌లో ఎప్పటికీ కనిపించవు, వాటికోసం ఏఆర్‌పీ స్కాన్ మళ్లీ నడపాలి. అలా ఇంకో రెండు పాత కెమెరాలు దొరికాయి.

కొత్త పరికరాలు ఇప్పటికీ ఫ్యాక్టరీ 192.168.1 అడ్రసుతోనే వస్తాయి. వాటికోసం సర్వర్ రూములో ఒక బల్ల, దాని మీద వీల్యాన్ 999కు చెందిన నాలుగు పోర్టులు, 192.168.1.10 అడ్రసున్న ఒక ల్యాప్‌టాప్. ఈ వీల్యాన్‌కు గేట్‌వే లేదు, ఎక్కడికీ దారి లేదు. ముందు నెట్‌బాక్స్‌లో వరుస, తరువాత రిజర్వేషన్, ఆపైన బల్ల మీద పరికరాన్ని డీహెచ్‌సీపీకి మార్చడం, అడ్రసు స్టిక్కరు అతికించడం, అప్పుడు గోడకు. ఒకే కంపెనీ కెమెరాలు పెట్టెడు వస్తే ఒక్కొక్కటే తగిలించాలి. రెండు కలిపి పెడితే రెండిటిదీ ఒకటే ఫ్యాక్టరీ అడ్రసు, ఏ కెమెరా పాస్‌వర్డ్ మారుస్తున్నామో తెలియదు.